మూడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగిన కారణం

నేనడిగిన ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం ఒక ఎత్తు, విననట్టు ముఖం పెట్టడం ఇంకో ఎత్తు. "మా ఆవిడ లిఫ్టులో ఇరుక్కుంది, కారణం చెప్పండి" అని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో రాస్తే దాని కింద ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. దానికి అర్థం ఏమిటి? ఇరుక్కోవడం బాగుందనా? ఆ వెంటనే ఇంకొకరు పార్కింగులో కారు మీద పడుకున్న పిల్లి ఫొటో పెట్టారు. పిల్లికి మాత్రం అందరూ బదులిచ్చారు.

ఇది నాకు కొత్త కాదు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో ఫిజిక్సు చదువుతున్న రోజుల్లోనే మొదలైంది. ఒకరోజు మా లెక్చరర్ వెలుతురు గురించి చెప్తున్నారు. వెలుతురు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు అతి తక్కువ సమయం పట్టే దారిలో పోతుందన్నారు. నీళ్లలో దాని వేగం తక్కువ. అందుకని గాలిలో కాస్త ఎక్కువ దూరం పోయి, నీళ్లలో పోయే దూరం తగ్గించుకుంటుందట. నీళ్లలోకి దిగేటప్పుడు అది వంగడానికి కారణం అదేనన్నారు.

నేను లేచి నిలబడి అడిగాను. "సార్, బయల్దేరక ముందే ఏ దారిలో పోతే తొందరగా చేరతామో దానికెట్లా తెలుస్తుంది? ఎక్కడికి చేరాలో ముందే తెలిస్తే కదా దారి ఎంచుకునేది?"

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టారు. నా వైపు కాదు, క్లాసు వైపు చూశారు. "ఈయన వెలుతురుకి అడ్రసు చీటీ ఇచ్చి పంపించమంటున్నాడయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. ముందు బెంచీలో ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే. "కూచోవయ్యా, నీ కోసం అది ఆగదు" అని ఆయన మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

నేను కూచున్నాను. కానీ ఆ ప్రశ్న కూచోలేదు. నేను కూడా ఇక్కడి పీయూ కాలేజీలో ఇంటర్ పిల్లలకు అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. చెప్పిన ప్రతిసారీ బోర్డు వైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మేముండేది బెంగళూరులోనే, హూడిలో, ఐదో అంతస్తులో. మా ఆవిడ పాత బెంగళూరు మనిషి, పేటలో బట్టల అంగడి వాళ్ల ఆడపిల్ల. గట్టి మనిషి. పిల్లి ఎదురొస్తే పక్కకు జరిగి దానికి దారి ఇస్తుందే తప్ప వెనక్కి తిరగదు. ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది. పరీక్షలు చేసిన డాక్టరు ఆమె గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు. ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి కారుతోందట. ఆపరేషను చేయాలి, ఆలస్యం చేయకూడదు, మెట్లు ఎక్కకూడదు అని ముక్క ముక్కగా చెప్పాడు. ఆమె ఒప్పుకుంది. నాకంటే ముందు ఆమే ఒప్పుకుంది.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పొద్దున నేను బ్యాగు తీసుకుని ముందు దిగాను. క్యాబు వాళ్లు కనపడకపోతే క్యాన్సిల్ చేసి పోతారు, అందుకని. ఆమె దేవుడి దగ్గర దీపం చూసి, తలుపు తాళం వేసి వస్తానంది. నేను కింద నిలబడి లిఫ్టు పక్కన ఎర్రటి అంకెలు చూస్తున్నాను. ఐదు నుంచి నాలుగు. నాలుగు నుంచి మూడు. మూడు దగ్గర నిలిచిపోయింది.

మెట్ల మీద పరిగెత్తాను. మూడో అంతస్తు తలుపు దగ్గర నోరు పెట్టి పిలిచాను.

"భయపడొద్దు. కరెంటు పోయినట్టుంది."

"కరెంటు ఉండాది. ఫ్యాను తిరుగుతా ఉండాది. ఇదే నిలిచిపోయిండాది" అంది లోపలి నుంచి.

"ఊపిరి బాగా ఆడుతోందా?"

జవాబు లేదు. మళ్లీ అడిగాను. మళ్లీ లేదు. నా జీవితంలో చాలామంది నాకు జవాబు చెప్పలేదు గానీ, ఆ రోజు ఆ తలుపు వెనక మౌనాన్ని మించింది లేదు. సెక్యూరిటీ అతను తాళంచెవి తెచ్చి తలుపు తీశాడు. లిఫ్టు గది కాస్త పైన ఆగి ఉంది. కుర్చీ వేసి ఆమెను దింపాం. మనిషి బాగానే ఉంది. మెట్టు మీద కూచుని చీర కొంగు సరిచేసుకుంది.

"పోదామా? క్యాబు ఉంది" అన్నాను.

"ఇంటికి పోదాం."

"ఆసుపత్రిలో మంచం చూసి పెట్టుంటారు."

"గడప దాటంగానే అడ్డం పడిండాది. పోవద్దని చెప్తా ఉండాది."

"ఏది చెప్తోంది?"

"మీకు అన్నీ పేరు పెట్టి చెప్పల్లనా?" అని లేచింది. సెక్యూరిటీ అతను మీట నొక్కితే ఏమీ జరగనట్టు లిఫ్టు కిందికి పోయి పైకి వచ్చింది. కానీ ఆమె ఎక్కలేదు. మెట్లు ఎక్కకూడదన్న మనిషి రెండంతస్తులు మెట్లెక్కింది. ప్రతి మలుపులోనూ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. నేను వెనక బ్యాగు పట్టుకుని ఆ వీపునే చూస్తూ ఎక్కాను.

అప్పటి నుంచి ఆమె ఇల్లు దాటలేదు. పడుకుంటే ఆయాసం వస్తోందని సోఫాలో దిండ్లకు ఆనుకుని నిద్రపోతోంది. నేను పక్క కుర్చీలో కూచుని ఆమె ఊపిరి వింటుంటాను. ఒక ఊపిరి కాస్త ఆలస్యమైతే నా ఊపిరి ఆగుతుంది. అందుకే నాకు ఒక కారణం కావాలి. పేరున్న కారణం, చేత్తో పట్టుకుని చూపించగలిగే కారణం. లిఫ్టు ఎవరి తరఫునా ఏమీ చెప్పలేదని, దాన్ని ఫలానా వస్తువు ఆపిందని ఆమె ముందు పెట్టాలి.

మా అసోసియేషన్ సెక్రటరీ వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. విజయవాడ వైపు అబ్బాయి. పార్కింగులో పట్టుకున్నాను.

"అంకుల్, వెండర్‌తో మాట్లాడా. సేఫ్టీ కోసం ఆగిందంట. అది ఫీచర్ అంకుల్. ఆగకపోతేనే ప్రాబ్లమ్."

"దేనివల్ల ఆగింది?"

"అదే చెప్తున్నా కదా, ప్యాసెంజర్ సేఫ్టీ కోసం."

"ఆగి ఏం సాధించిందని కాదయ్యా నేనడిగింది. దాన్ని ఏది ఆపిందని."

"రెండూ ఒకటే కదా అంకుల్" అని ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆ ఫోను మోగలేదు. నేను చూశాను.

రెండూ ఒకటి కాదు. లిఫ్టు బ్రేకుకి ఒక స్ప్రింగు ఉంటుంది. అది ఎప్పుడూ పట్టుకోవాలనే ఒత్తుతుంటుంది. కరెంటు దాన్ని విడదీసి పట్టుకుంటుంది. కరెంటు తెగితే స్ప్రింగు పట్టేస్తుంది. లోపల ఉన్నది గుండె జబ్బు మనిషా, నీళ్ల క్యానా అన్నది స్ప్రింగుకి తెలియదు. సేఫ్టీ అనే మాటా తెలియదు. దాన్ని అలా అమర్చిన ఇంజనీరుకు తెలుసు. అంటే సేఫ్టీ అనే ఉద్దేశం ఆ ఇంజనీరు బుర్రలో ఉంది, లిఫ్టు గుంటలో లేదు. గుంటలో ఉన్నవి తీగలు, స్విచ్చులు, స్ప్రింగు. ఉద్దేశం అబద్ధమని నేననను. ఆ లిఫ్టులో బ్రేకు ఎందుకుందో అది చెప్తుంది. ఆ పొద్దున, మూడో అంతస్తు దగ్గర, ఆమె లోపలున్నప్పుడు కరెంటును తెంచింది ఏదో మాత్రం అది చెప్పదు.

జనరల్ బాడీ మీటింగులో లేచి ఇదే చెప్పబోయాను. బేస్‌మెంటులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అందరికీ కాఫీ వచ్చింది. ట్రే నా వరుస దాకా వచ్చి వెనక్కి తిరిగింది. నేను రెండు వాక్యాలు చెప్పానో లేదో, బ్యాంకులో రిటైరైన ఒకాయన "మీరు ఫిజిక్స్ మేష్టారు కదండీ, మీరే కనిపెట్టి మాకు చెప్పండి" అన్నాడు. నవ్వారు. అదే నవ్వు. ముందు వరుసలోంచే.

సరే, కనిపెడదామనే అనుకున్నాను.

ఆ సాయంత్రం బాల్కనీలో మా ఆవిడ పక్కన కూచుని వెలుతురు కథ మళ్లీ చెప్పాను. మొదట నవ్వింది. "ఆ లెక్చరర్ను ఇంకా ఇడిచిపెట్టలేదా మీరు?"

"విను. కింద రోడ్డు చూడు. తోపుడు బండి తారు మీద నుంచి ఏటవాలుగా ఇసకలోకి దిగితే ఏమవుతుంది? ఒక చక్రం ముందు ఇసకలో పడి నెమ్మదిస్తుంది. రెండోది ఇంకా తారు మీద జోరుగా ఉంటుంది. బండి దానంతటదే తిరుగుతుంది. ఎక్కడికి పోవాలో బండికి తెలియనక్కర్లేదు. వెలుతురు అల కూడా నీళ్లను తాకినప్పుడు అట్లాగే తిరుగుతుంది. దారంతా అయిపోయాక పైనుంచి చూసి, ఇది తక్కువ సమయం పట్టే దారి అని మనం అంటాం."

"అయితే మీ లెక్చరర్ చెప్పింది తప్పా?"

తప్పని కూడా అనలేను. ఇక్కడ నాకున్న ఇబ్బంది దాచను. గిన్నెలా లోపలికి వంగిన అద్దంలో ఒక్కోసారి వెలుతురు పోయే దారి పక్కనున్న దారులకంటే ఎక్కువ సమయం పట్టేదై ఉంటుంది. తొందరగా చేరాలన్న కోరిక ఉన్నదేదీ అలా పోదు. కాబట్టి దానికి కోరిక లేదు. ఇంతవరకు నేను గెలిచాను. కానీ తర్వాత వచ్చిన ఫిజిక్సు ఇంకో మాట అంటుంది. అన్ని దారులనూ లెక్కలోకి తీసుకోవాలట. అసలు దారికి దగ్గరగా ఉన్నవి ఒకదానికొకటి బలమిస్తాయి, దూరంగా ఉన్నవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అలా చూస్తే దారి మొత్తాన్ని ఒకేసారి చూడటం ఊరికే మన సౌకర్యం కోసం కాదు. అడుగడుగునా నెట్టే కారణం అసలు వివరణా, దారి మొత్తాన్ని చూసే సూత్రం అసలు వివరణా అన్నది తెలిసినవాళ్లే తేల్చుకోలేదు. ఆ రోజు లెక్చరర్ ఈ నాలుగు మాటలు అంటే సరిపోయేది. "నాకూ తెలియదయ్యా" అన్నా సరిపోయేది.

ఇదంతా చెప్పి ఆమె ముఖం చూశాను. ఆయాసం తీర్చుకుంటూ అంది. "వెలుతురుకు తెల్దు, సరే. తెలిసినోళ్లు ఎవరో దాన్ని పంపిస్తా ఉండారేమో."

నేను లేచి ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆ మాట ఫిజిక్సు పరిధిలోది కాదు.

మర్నాటి నుంచి కింద లిఫ్టు ఎదురుగా కుర్చీ వేసుకుని లిఫ్టు అంకెలు చూస్తూ కూచున్నాను. వచ్చేపోయేవాళ్లు "ఏం సార్, డ్యూటీనా?" అని నవ్వారు. నవ్వనీ. కొన్నాళ్లు ఏమీ కాలేదు. అదే నా భయం. ఎప్పుడూ ఆగని లిఫ్టు ఆమె ఒక్కదాని కోసమే ఆగిందనిపిస్తుందేమోనని. ఒక పొద్దున అంకె మూడు దగ్గర నిలిచిపోయింది. సెక్యూరిటీ అతను తాళంచెవితో పైకి పరిగెత్తాడు. కాసేపటికి మెట్ల మీద నుంచి దిగివచ్చింది ఎవరనుకున్నారు? సెక్రటరీ. భుజాన లాప్‌టాప్ బ్యాగు, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఇరుక్కున్నావా?" అన్నాను.

"లోపల నెట్‌వర్క్ లేదు అంకుల్" అని గబగబా బైకు దగ్గరికి పోయాడు.

మా ఆవిడ ఇరుక్కుంటే రాని మెకానిక్కు ఆ పూటే వచ్చాడు. నేను అతని వెనకే మూడో అంతస్తు ఎక్కాను. ఇక్కడే ఉందని, ఇక్కడే చూడమని చెప్పాను. తలుపు తీసి, పైన లోపలివైపు టార్చి వేసి, వేళ్లు పెట్టి ఏదో లాగాడు. దారం ముక్క. ఎండి బిగిసిన ముడి, దానికి ఒక మామిడాకు తొడిమ, కుంకుమ మరక.

చూడగానే నాకు అర్థమైంది. ఈ ఊళ్లో ఆయుధపూజ నాడు తిరిగే ప్రతి యంత్రానికీ పూజ చేస్తారు. పీణ్య ఫ్యాక్టరీల్లో లేతు మిషన్లకు, బస్సులకు, ఆఫీసుల్లో కంప్యూటర్లకు కూడా బొట్టు పెడతారు. మా దగ్గర లిఫ్టుకి చేస్తారు. ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపుకి తోరణం కట్టాలి. స్టీలు చట్రానికి మేకు ఉండదు. అందుకని తలుపు తీసి, దారం రెండు కొనలూ పైసందులో దోపి, తలుపు మూసేస్తారు. తలుపే దారాన్ని కరిచిపట్టుకుంటుంది. ఈసారి స్టూలు ఎక్కి దోపింది సెక్రటరీయే, ఫొటోలు కూడా పెట్టాడు. పండగ అయ్యాక ఆకులు పీకేశారు. బయటిది వచ్చింది, లోపలిది ఉండిపోయింది. అక్కడే, తలుపు పైన, తలుపు మూసి ఉందని చెప్పే చిన్న స్విచ్చు ఉంటుంది. లిఫ్టు ఆ అంతస్తు దాటేటప్పటి ఊపుకి ముడి కదిలి ఆ స్విచ్చులో పడితే, తలుపు తెరుచుకున్నట్టే లెక్క, మోటారుకీ బ్రేకుకీ పోయే కరెంటు తెగుతుంది. లిఫ్టుకి కీడు జరగకూడదని కట్టిన తోరణమే దాన్ని ఆపింది.

"నోడి సార్, చూడండి, ఎంత మంచి సేఫ్టీనో! ఇంత దారానికే నిలిచిపోయిండాది" అన్నాడు మెకానిక్కు మెచ్చుకోలుగా. ఇతను కూడా అదే పాట. నేను ఆ దారం ముక్క అడిగి తీసుకున్నాను.

పరిగెత్తినట్టే మా ఇంటికి పోయి ఆమె అరచేతిలో పెట్టాను. "ఇదిగో నీ శకునం. ఇదే ఆపింది. ఇంకేమీ చెప్పలేదు."

ఆమె దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసింది. ముఖం మారిపోయింది. "ఇది నా ముడి."

నాకు గుర్తొచ్చింది. పండగ ముందురోజు కింద హాల్లో ఆడవాళ్లతో కూచుని తోరణాలు గుచ్చింది ఆమే. రెండు చుట్లు తిప్పి వెనక్కి తీసే ఆ ముడి వాళ్ల అమ్మగారి ఇంటి ముడి. ఇంకెవరూ వేయరు.

"నేను కట్టిన ముడి నన్నే ఆపిందంటే అది ఊరికే అయితాదా?" అంది మెల్లగా.

కారణం దొరికితే భయం పోతుందనుకున్నాను. కారణం దొరికాక భయానికి ఇంకా బలమైన ఆధారం దొరికింది. నేను చేతులు నలుపుకుంటూ గదిలో తిరిగాను. చివరికి ఒక్క మాట దొరికింది.

"నిన్నొక్కదాన్నే కాదు. సెక్రటరీని కూడా ఆపింది. ఇదే ముడి, ఇదే చోట. అతనికి ఆపరేషను లేదు కదా? అతన్ని ఎక్కడికి పోవద్దని ఆపింది? ఆఫీసుకా?"

ఆమె పెదవి కాస్త కదిలింది, నవ్వేమో అనుకున్నాను. ఆ దారాన్ని ఒళ్లో పెట్టుకుంది. "నిజంగా ఆ అబ్బాయి కూడా ఇరుక్కుండాడా?"

"నా కళ్లతో చూశాను."

"మీరు చూసినారంటే చాలదు. వాదన వచ్చిందంటే మీరు గోడతో కూడా గెలిచే దాకా ఇడిచిపెట్టరు. ఆ అబ్బాయి వచ్చి ఆ మాట చెప్పనీ. నేను ఆసుపత్రికి వస్తాను."

అంతే ఆమె అడిగింది. ఒక్క మాట.

కిందికి వచ్చి చూస్తే గ్రూపులో మెసేజి ఉంది. "లిఫ్ట్ ఇష్యూ రిజాల్వ్ అయింది. రెసిడెంట్స్ సేఫ్టీ కోసం ప్రివెంటివ్ మెయింటెనెన్స్ చేశాం." దారం మాట లేదు, తోరణం మాట లేదు, మూడో అంతస్తు చూడమన్న మనిషి మాట అసలే లేదు. కింద బొటనవేళ్ల వరస. నేను అతని తలుపు కొట్టాను.

"స్టక్ అవ్వలేదు అంకుల్. డోర్ కొంచెం లేట్‌గా ఓపెన్ అయింది, అంతే."

"మా ఆవిడ ముందు ఆ మాటైనా చెప్పు."

"పూజ వల్ల లిఫ్ట్ ఆగిందంటే సెంటిమెంట్స్ హర్ట్ అవుతాయి అంకుల్. ఫ్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. వదిలేయండి, ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా."

లిఫ్టు నడుస్తోంది. మా ఆవిడ నడవడం లేదు. నిన్న ఆసుపత్రి వాళ్లు మళ్లీ ఫోను చేసి, ఇంకా వాయిదా వేస్తే మా బాధ్యత లేదన్నారు. ఆ దారం ఆమె దిండు కింద పెట్టుకుంది. నేను అటు తిరిగినప్పుడు తీసి చూసుకుంటోంది. కాళ్ల వాపు పాదాల నుంచి పైకి వచ్చింది.

కాబట్టి సెక్రటరీ గారూ, ఇది నీకే. గ్రూపులో పెడితే పిల్లి ఫొటో కింద పోతుందని కాగితం మీద రాస్తున్నాను. వెలుతురు ఎందుకు వంగుతుందో నిన్నడగడం లేదు. ఆ జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను నేను మర్చిపోలేదు. తోరణం దోపినందుకు నిన్ను తప్పుపట్టడం కూడా లేదు. నేనడిగేది చిన్న పిల్లలు చెప్పగలిగే జవాబు. ఆ పొద్దున, మూడో అంతస్తు దగ్గర, నువ్వు ఆ లిఫ్టులో ఇరుక్కున్నావా, లేదా? బొటనవేలు పెట్టకు. సేఫ్టీ అనకు. లిఫ్టెక్కి ఐదో అంతస్తుకి రా, మా తలుపు తీసే ఉంది, ఆమె సోఫాలో మెలకువగానే ఉంటుంది. ఆమె ముఖం చూసి జవాబు చెప్పు.